నిప్పుజీడి చెట్టు రివ్యూ: మసకదీవిలో నాటొచ్చా?

నమస్తే అండీ. శ్రీకాకుళం నుంచి ఈ వీడియో. ఇవాళ మసకదీవి చెట్లలో నిప్పుజీడిని చూద్దాం. మసకదీవి కల్పిత లోకం. ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కమ్మేసి, పగలు కూడా దీపం లేకుండా దారి కనిపించని దీవి. మీ కథలోనో, నలుగురూ కూర్చుని ఆడే ఆటలోనో ఈ చెట్టుని పెట్టాలనుకుంటే ఈ వీడియో మీకోసమే.

ముందే చెప్పేస్తాను, నాటండి. పదికి ఎనిమిది ఇస్తున్నాను. కానీ పండు కోసం నాటకండి, పప్పు కోసమూ నాటకండి. మహిమంతా పిక్క తొక్కలో, దీపం వెలిగించే నూనెలో ఉంది.

బొమ్మ చూడండి. మన శ్రీకాకుళం ఉద్దానంలో పెరిగినవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు. మన జీడిమామిడి రూపమే. పండనుకునేది నిజానికి ఉబ్బిన కాడ, అసలు కాయ కింద వేలాడే పిక్క. ముందు పిక్క పూర్తి సైజుకి ఎదిగాకే కాడ ఉబ్బడం మొదలవుతుంది. నిప్పుజీడిలోనూ అదే వరస. పిక్క ఎదిగినన్నాళ్ళూ బూడిద రంగులో చల్లగా ఉంటుంది. కాడ ఎర్రబడ్డాక తొక్కలోకి వెచ్చదనం దిగుతుంది. అందుకే చెట్టు మీద కోసిన పిక్కలో నూనె ఉంటుంది గానీ వెలుగు ఉండదు. దానంతట అది రాలాలి, రాలిన రోజే ఏరాలి.

మన జీడి తొక్కలోనూ ఘాటైన నూనె ఉంది కదా. అందులో అనకార్డిక్ ఆమ్లం చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, తోలు ఊడిపోతుంది. అదే నూనె రంగుల్లోకీ, బండ్ల బ్రేకుల తయారీలోకీ పోతుంది. నిప్పుజీడిని కల్పించిన తీరులో నాకు బాగా నచ్చింది ఇదే. మహిమని ఎక్కడి నుంచో తెచ్చి అతికించలేదు, చెట్టులో ముందే ఉన్న మంటనే పెంచారు.

ఇప్పుడు నూనె తీసే పద్ధతి. జనం ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే. పలాసలో పిక్కల్ని ఎండలో ఆరబెడతారు కదా, అలవాటు కొద్దీ ఇక్కడా ఎండబెడితే పంట పోయినట్టే. వెలుతురు తగిలినకొద్దీ తొక్కలో వెలుగు బయటికి కారిపోతుంది. నీడలో, జల్లించిన పొడి బూడిద మీద ఒకే వరసగా పరవాలి. ఐదు రోజులు, రోజుకి ఒకసారి తిరగెయ్యాలి. చెవి దగ్గర ఊపితే లోపల పప్పు గలగలమనాలి. చప్పుడు రాలేదంటే ఇంకా తడుంది, ఇంకో రెండ్రోజులు ఆగండి. తడి పిక్కని ఆడిస్తే నూనె చిక్కబడదు, దీపం చిటపటలాడి ఆరిపోతుంది.

తరవాత చెక్క గానుగలో, చల్లగా. కాల్చకూడదు. మన దగ్గర పిక్క కాలిస్తే కళ్ళు మండే పొగొస్తుంది. అక్కడ కాలిస్తే పొయ్యి, కొట్టం, పక్కిల్లు అన్నీ అంటుకుంటాయి. ఇనప రోకలి కూడా వద్దు, నిప్పురవ్వ చాలు. చేతులకి ముందు ఆముదం, దాని మీద బూడిద పట్టించుకోవాలి. వంద పిక్కలకి ఒక గిద్దెడు నూనె వస్తుంది. వత్తికి ఒక్క చుక్క పెడితే గాలివానలో కూడా తెల్లారేదాకా వెలుగుతుంది. రెండో చుక్క వేస్తే రెండు రాత్రులు వెలుగుతుందనుకోకండి. ఒకే రాత్రి, రెట్టింపు వేడితో కాలుతుంది, ప్రమిద పగులుతుంది.

పండు గురించి రెండు మాటలు. తింటే ఆ రాత్రి చలి తెలీదు. గొంతు పట్టేస్తుంది, కాస్త ఉప్పు రాసుకుంటే సర్దుకుంటుంది. రాలిన రోజు దాటితే పులిసిపోతుంది. రెండే తినాలి, మూడోది జ్వరం తెస్తుంది. పప్పుకి ఏ మహిమా లేదు, రుచే. అది బావుంది, ఎందుకంటే నూనె తీసుకున్నాక పప్పు పిల్లల చేతిలో పెట్టొచ్చు.

తోట వెయ్యడంలో దూరం ముఖ్యం. మన జీడికి ఏడెనిమిది మీటర్లు చాలు. దీనికి పన్నెండు పెట్టండి. రెండు చెట్ల కొమ్మలు తగిలితే రాలే పిక్క ఒకదాన్నొకటి కొట్టుకుని మంట పుడుతుంది. అంటు మొక్కే నాటండి. మొదటి రెండేళ్ళూ పూత వస్తే గిల్లెయ్యండి, లేకపోతే చెట్టు గిడసబారుతుంది. పూత వేళ తోటలో దీపం పెట్టొద్దు. అక్కడి చలిదోమ అనే పురుగు వెలుతురు వెతుక్కుంటూ వచ్చి లేత చిగురులో రసం పీలుస్తుంది, గుత్తులు మాడిపోయినట్టు నల్లబడతాయి. మన జీడితోటల్ని పీడించే టీ దోమ దెబ్బ చూసినవాళ్ళకి ఆ నలుపు బాగా తెలుసు. నల్లబడ్డ కొమ్మని నాలుగు వేళ్ళు కిందకి కోసి, తోట బయట పూడ్చండి. కాల్చకండి.

ఇక పోయిన రెండు మార్కులు. మొదటిది, ఈ చెట్టుని కల్పించినవాళ్ళు ఏడాది పొడుగునా కాస్తుందని రాశారు. అది పనికిరాదు. ఎప్పుడూ దొరికే వెలుగుకి ఎవరు కొట్టుకుంటారు, ఎవరు దాచుకుంటారు? మన జీడి పంట ప్రధానంగా మార్చి నుంచి మే దాకా. నిప్పుజీడికీ మంచు విడిచే ఆ నాలుగు నెలల్లోనే పంట పెట్టండి. అప్పుడు మళ్ళీ మంచు కమ్మేలోపే నూనె నిలవ చేసుకోవాల్సి వస్తుంది. ధర, అప్పు, దొంగతనం అన్నీ వాటంతట అవే కథలోకి వస్తాయి.

రెండోది, ఏ తుపానుకీ పడదని రాశారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేర్లతో సహా పడిపోయాయి. మళ్ళీ నాటినా కాపుకి ఏళ్ళు పడుతుంది. ఆ ఎదురుచూపులో ఒక ఊరు ఎలా బతుకుతుందో చెప్పలేని చెట్టు తీరప్రాంతం చెట్టు కాదు. నిప్పుజీడి పడాలి. పడ్డ చెట్టు మొద్దు నుంచి చిగురు తీసి అంటు కట్టుకోవచ్చని ఒక నియమం పెట్టండి. ఆ అంటు నాలుగో ఏట కాస్తుంది. ఆ నాలుగేళ్ళూ ఊరు ఎన్ని చుక్కల మీద నడవాలో, పాత నూనె కుండల్ని కొలిచి మీరే లెక్కెయ్యండి.