డాబా మీద గులాబీ, నిమ్మ

శ్రోతలకు నమస్కారం.

గోదావరి జిల్లాల్లో మొక్క కొనడం చాలా తేలిక. కడియం, కడియపులంక, వేమగిరి వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. అక్కణ్ణుంచి ఆటోలో తెచ్చుకున్న గులాబీ నెల తిరక్కుండా కొమ్మ చివర నుంచి నల్లబడటం, నిమ్మ ఆకు రాల్చి మోడైపోవడం కూడా మనకు మామూలే. ఎరువు చాల్లేదేమో అనుకుంటారు. ఎరువు చాలక కుండీలో మొక్క చావడం అరుదండీ. మన డెల్టాలో మొక్కను చంపేది వేరు దగ్గర కదలకుండా నిలిచిపోయే నీరు, ఆ నీటితో పాటు వచ్చే ఉప్పు. గులాబీ గానీ నిమ్మ గానీ ఉప్పుకు ఓర్చుకునే జాతులు కావు.

ముందు కుండీ సంగతి చూద్దాం. గులాబీకి 12 అంగుళాలది చాలు. నిమ్మకు మొదట 14 అంగుళాలది, రెండేళ్లు పోయాక 20 అంగుళాల తొట్టి గానీ సగానికి కోసిన డ్రమ్ము గానీ కావాలి. చిన్న మొక్కను ఒకేసారి డ్రమ్ములో పెట్టకండి. వేరు ఇంకా చేరని మట్టి ఎప్పుడూ తడిగానే ఉండి పులిసిపోతుంది. అడుగున చిటికెన వేలు దూరేంత రంధ్రాలు నాలుగైనా ఉండాలి. వాటి మీద పెంకు ముక్కలు బోర్లిస్తే సరిపోతుంది. కింద రెండు మూడు అంగుళాల కంకర పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం, కానీ జరిగేది వేరు. సన్నటి మట్టిలోంచి కంకరలోకి నీరు తేలిగ్గా జారదు, కంకరకు పైనున్న మట్టిలోనే ఆగిపోతుంది. వేరుకు ఉండే చోటు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు. కుండీని ఇటుకల మీద పెట్టండి, స్లాబుకు ఆనితే రంధ్రాలు మూసుకుపోతాయి.

చేలో ఒండ్రుమట్టి బలమైనదే కానీ అదొక్కటే నింపితే కుండీలో ఇటుకలా బిగుసుకుంటుంది. ఎండకు అంచు వదిలి సందు ఏర్పడుతుంది. మీరు పోసిన నీరంతా ఆ సందులోంచి కిందికి కారిపోతుంటే కుండీ తడిసిందనుకుంటారు, లోపల వేరు మాత్రం ఎండిపోతూ ఉంటుంది. కాబట్టి మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలపండి. కుండీకి 100 గ్రాముల వేపపిండి చేర్చండి. ఇసుక అంటే ఏటి ఇసుక, అంతర్వేది ఒడ్డునో ఓడలరేవులోనో దొరికే ఉప్పటి సముద్రపు ఇసుక కాదు. కొబ్బరిపొట్టు కోనసీమలో కావలసినంత దొరుకుతుంది, కానీ అందులోనూ ఉప్పుంటుంది. రాత్రి మంచినీళ్లలో నానబెట్టి పొద్దున్న పిండి ఆ నీళ్లు పారబోయాలి, ఇలా మూడుసార్లు. రైసుమిల్లు ఊకబూడిద ఊరికే వస్తుంది గదా అని నిమ్మకు దోసిళ్లతో పోయకండి. దాని క్షారగుణం వల్ల ఇనుము, జింకు వేరుకు అందకుండా పోతాయి.

ఇప్పుడు సంచిలో మొక్క. పాలిథీన్ సంచి కోస్తే వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దూరప్రయాణంలో చెదరకుండా ఉండటానికి అలా కడతారు. ఆ ముద్దను అలాగే గుల్ల మట్టిలో దించితే వేసవిలో నీరు దాన్ని తప్పించుకుని పక్కల నుంచి పోతుంది. వానాకాలంలో అదే ముద్ద రోజుల తరబడి నీరు పట్టుకుని వేరు కుళ్లబెడుతుంది. ముద్దను అరగంట బకెట్టు నీళ్లలో ఉంచి, మెత్తబడ్డాక చుట్టూ అంగుళం మందాన మట్టిని వేళ్లతో జార్చండి. మొత్తం విదిలించకండి. నిమ్మకైతే అర అంగుళంతో ఆపేయండి, దాని వేరు కదిపితే త్వరగా కోలుకోదు. అంటు కట్టిన చోటు మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. అక్కడ చుట్టిన ప్లాస్టిక్ పట్టీ మిగిలి ఉంటే బ్లేడుతో కోసేయండి, లేకపోతే కాండం లావయ్యే కొద్దీ అది ఉరిలా బిగుస్తుంది. అంటుకు కింది నుంచి వచ్చే కొమ్మ మీరు కొన్న గులాబీది కాదు, అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కది. దాన్ని కత్తిరిస్తే మళ్లీ వస్తుంది, మొదలంటా పీకేయాలి.

ఇక నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేశాక చాలా ఊళ్లలో బోరే దిక్కు. సముద్రం దగ్గర, చేపల చెరువుల పక్కన ఆ బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కట్టినా, ముదురాకుల అంచులు గోధుమరంగుకు మాడినా అది ఉప్పే. దాన్ని ఎరువు లోపమనుకుని ఇంకాస్త ఎరువేస్తే, ఎరువు కూడా ఒక ఉప్పే కదండీ, మొక్క మరింత మాడుతుంది. రోజూ చెంబెడు చెంబెడు పోయడం వల్లే ఉప్పు పేరుకుంటుంది. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయండి. తర్వాత వేలు రెండు కణుపుల లోతున గుచ్చి, పొడిగా తగిలితేనే మళ్లీ పోయండి. 12 అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. నెలకోసారి రెండు బకెట్ల మంచినీళ్లు, అంటే 30 లీటర్లు, ఓ గంటసేపు మెల్లమెల్లగా పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. తొలకరి వానలు ఈ పని ఊరికే చేసిపెడతాయి, అప్పుడు కుండీలను చూరు కిందికి జరపకండి. ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం పోయొద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, పట్టి పోయవచ్చు.

ఎరువుకు ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. నెలకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, 50 గ్రాముల వేపపిండి, పక్షానికోసారి లీటరు నీటికి 2 గ్రాముల 19-19-19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు. పొటాష్ విడిగా వేయాలనుకుంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కొనకండి, అందులోని క్లోరైడు బోరునీటి ఉప్పుకు తోడవుతుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి.

నిమ్మలో గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ రకం మంచిది. గింజ మొక్క కాయడానికి నాలుగైదేళ్లు పడుతుంది కాబట్టి అంటు మొక్కే అడగండి. లేతాకుల మీద వెండి గీతల్లాంటి మెలికలు కనబడితే అది ఆకు తొలిచే పురుగు. ఆ గాయాల్లోంచే గజ్జి లోపలికి దిగుతుంది. చిగురు వేస్తున్నప్పుడే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది కదిలితే అది సీతాకోకచిలుక గొంగళి, చేత్తో ఏరేయండి. రెండు మూడు రోజులు ఊరుకుంటే చిన్న మొక్కకు ఆకు మిగల్చదు.

గులాబీకి మన గాలిలోని తేమే శత్రువు. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు అంటుకుంటుంది. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయండి. మచ్చలున్న ఆకులు రాలితే కుండీలో ఉంచకుండా ఏరి కాల్చేయండి.

గులాబీ కత్తిరింపులు వాయుగుండాల ముప్పు తగ్గాకే మొదలుపెట్టాలి. వానలో కోసిన కొమ్మ చివర నుంచి ఎండుతుంది. కత్తిరించిన 45 నుంచి 50 రోజులకు పూస్తుంది కనుక, సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు కావాలంటే నవంబరు చివరి వారం సరైన సమయం. ఎండు కొమ్మలు, సన్నటి పుల్లలు తీసేసి, బలమైనవి నాలుగైదు ఉంచి, మూడోవంతు తగ్గించండి. బయటికి చూసే మొగ్గకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయండి. కోసిన చోటల్లా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును నీళ్లతో ముద్దలా కలిపి పూయండి. డిసెంబరు మంచుకు లేత చిగురు తెల్లవార్లూ తడిసే ఉంటుంది, అందుకని పది రోజులకోసారి లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి.