ప్రొబేషన్‌లో ఉండి తాగి బండి నడిపితే 50 రూపాయలేనా?

నమస్తే అన్నలూ, అక్కలూ. యాభై రూపాయలు! ఈ వీడియో మొత్తం ఆ యాభై రూపాయల మీదే.

మొన్నటి వీడియో కింద మీరు ఒకటే కొట్లాట. ఏదో దెబ్బలాట కేసులో తప్పు రుజువై, జైలు బదులు ప్రొబేషన్ మీద బయటికొచ్చిన పిలగాడు హనుమకొండలో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఏమవుతుంది? సీదా జైలేనని కొందరు. పదివేలు కట్టి ఇంటికొస్తాడని కొందరు. చట్టం తీసి చదివినవాళ్లు ఒక్కరూ లేరు!

పదివేల సంగతి కొత్త కేసుది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే 10,000 జరిమానా, లేదంటే రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా, 15,000. అది అందరికీ తెలిసిందే.

కానీ పాత కేసు లేచి కూర్చుంటుంది కదా! ప్రొబేషన్ అంటే కేసు కొట్టేశారని కాదు. పిలిస్తే వచ్చి శిక్ష తీసుకుంటా, అప్పటిదాకా మంచిగా ఉంటా అని మూడేళ్ల దాకా రాసిచ్చిన బాండు. మత్తు ముట్టొద్దని కూడా అందులో షరతు పెట్టొచ్చు. అది తప్పితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం సెక్షన్ 9 ప్రకారం కోర్టు వారెంట్ ఇవ్వొచ్చు, పాత నేరానికి అక్కడికక్కడే శిక్ష వేయొచ్చు.

లేదా, బాండు షరతు తప్పడం అదే మొదటిసారైతే, పెనాల్టీతో వదలొచ్చు. ఎంత? యాభై రూపాయలకు మించకుండా! అర లీటరు పెట్రోలు రాదు. హెల్మెట్ లేకపోతే పడే చలానా ఇంతకంటే ఎక్కువ. 1958లో యాభై అంటే పెద్ద పైసలే, ఒప్పుకుంటా. మరి ఇప్పుడు?

నేను గట్టిగా నమ్మేది ఇదీ: ఆ యాభై వల్లే ఈ సెక్షన్ పక్కన పడిపోయింది. కాజీపేట బ్రిడ్జి దగ్గర మిషన్‌లో ఊదించే పోలీసాయన ముందు ఈ పిలగాడి పాత బాండు ఉండదు. ప్రొబేషన్ మీద ఉన్నవాళ్ల మీద కన్నేసి ఉంచే ప్రొబేషన్ ఆఫీసర్‌కు ఎవరైనా చెబితే కదా కోర్టుకు రిపోర్టు రాసేది! యాభై రూపాయల కోసం ఆ ఫైలూ ఈ ఫైలూ ఎవరు కలుపుతారు?

2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడ్డగోలుగా నడిపి ప్రాణం తీసినవాళ్లకు మామూలుగా ప్రొబేషన్ దయ చూపొద్దని చెప్పింది. చాలా మంచి మాట. అయితే ప్రాణం పోయేదాకా ఎందుకు ఆగాలి? హంటర్ రోడ్డులో రాత్రిపూట రోడ్డు దాటి చూడండి, నా కోపం మీకు అర్థమవుతుంది. ఆ యాభైని యాభై వేలు చేయాలి, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు రాసిన రోజే పాత కోర్టుకు కబురు పోవాలి.

అదాలత్‌లో ప్రాక్టీస్ చేసే లాయర్ అన్నలూ, సెక్షన్ 9 కింద యాభై రూపాయలు కట్టించిన కేసు మీరు చూశారా? పేర్లు వద్దు. ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి, పైన పిన్ చేస్తా.