ఫ్రేమ్ లేని డోర్‌కి అద్దం కూర్చోబెట్టడం

(హైదరాబాద్‌లో కారు మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ స్టీలు డబ్బా చూడండి. దూరం నుంచి పటికబెల్లంలా కనిపిస్తుంది. ఇది పగిలిన అద్దం, ఒక్క డోర్‌లోంచి తీసింది. పోయిన వానాకాలంలో ఒక రెండు డోర్ల కూపే నా దగ్గరికి వచ్చింది. అంతకు రెండు నెలల ముందే ఇంకోచోట ఎడమ డోర్ అద్దం మార్పించారు. అద్దం ఒరిజినలే, కంపెనీ గుర్తు కూడా ఉంది. కానీ వాన పడితే కాళ్ల కింద కార్పెట్ తడుస్తోంది. ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే చెవి పక్కన ఈల. అద్దం దించితే డోర్‌లో కరకర.

డోర్‌కి లోపలివైపు ఉండే ప్యాడ్ విప్పి చూస్తే, అడుగున నీళ్లు పోయే రంధ్రాలన్నీ ఈ ముక్కలతో పూడిపోయి ఉన్నాయి. డోర్ నీళ్ల తొట్టిలా తయారైంది. కొత్త అద్దం మీద పైనుంచి కిందికి సన్నని నిలువు గీతలు. అద్దం డోర్‌లోకి దిగే చోటుని మేం నడుం అంటాం. ఆ నడుం రబ్బరులో ఇరుక్కుపోయిన ఒకే ఒక్క ముక్క, అద్దం ఎక్కినప్పుడల్లా దిగినప్పుడల్లా గీసిన గీతలవి.

ఆ పని చేసినతనికి పని రాదని నేను అనను. మామూలు కారుకి వేసినట్టే వేశాడు. తేడా వచ్చింది అక్కడే.

మనం రోజూ చూసే మారుతీలకు, హ్యుందాయ్‌లకు అద్దం చుట్టూ రేకు ఫ్రేమ్ ఉంటుంది. అందులో రబ్బరు గాడి ఉంటుంది. అద్దం ఆ గాడి పట్టుకుని ఎక్కుతుంది. మనం బోల్టు కాస్త అటూ ఇటూ బిగించినా ఫ్రేమ్ సర్దుకుని తీసుకుపోతుంది. ఫ్రేమ్ లేని డోర్‌లో ఆ ఆసరా లేదు. నడుం దాటాక అద్దం ఒంటరిగా నిలబడాలి. డోర్ మూశాక బాడీకి ఉన్న బీడింగ్ రబ్బరుకి ఆనుకుని వాననీ, గాలినీ, చప్పుడునీ అదే ఆపాలి. దాని నిలకడ మొత్తం డోర్ లోపల మన కంటికి కనపడని, అద్దాన్ని ఎత్తి దించే మెషిన్ మీద, పట్టాల మీద, నాలుగు బోల్టుల మీద ఉంది. అందుకే మా కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే: అద్దం బిగించడం గంట పని, కూర్చోబెట్టడం పూట పని. ఈ రోజు నేను ఇక్కడికి వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ఇలాంటి కార్లు మన షెడ్డుకి ఎక్కడ వస్తాయిలే అనుకోకండి. మూడు డోర్ల మినీ కూపర్ ఉంది, ఫోర్డ్ మస్టాంగ్ ఉంది, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. టాప్ తీసే బీఎండబ్ల్యూ జెడ్4, నాలుగు డోర్లున్న మెర్సిడెస్ సీఎల్ఎస్ ఉన్నాయి. 2025లో టెస్లా మోడల్ వై మన దేశానికి వచ్చింది, దాని నాలుగు డోర్లకీ ఫ్రేమ్ లేదు. వారంటీ అయిపోయాక ఇవన్నీ మన దగ్గరికే వస్తాయి. పాత ఉస్తాదులకు షెవ్రోలే ఫారెస్టర్ గుర్తుండాలి. పేరు షెవ్రోలే అయినా అది సుబారు కారు. ఎత్తుగా జీపులా ఉన్నా డోర్లకి ఫ్రేమ్ ఉండేది కాదు. నేను ఈ పని నేర్చుకున్నది దాని మీదే.

అద్దం గురించి కొంచెం చెప్పుకుందాం. డోర్ అద్దం ఎక్కువగా టఫెన్డ్ అద్దం. 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారుతూ ముడుచుకుని, పైపొరను తనవైపు లాగి బిగిస్తుంది. ఆ బిగువే దాని బలం. ఆ బిగువు ఎక్కడైనా తెగితే అద్దం మొత్తం ఒకేసారి గింజలు గింజలుగా రాలిపోతుంది. అందుకే దాన్ని తర్వాత కోయడం, రంధ్రం వేయడం కుదరదు. మధ్యలో అరచేత్తో కొట్టినా తట్టుకుంటుంది కానీ అంచున పానా తగిలితే పోతుంది. అద్దాన్ని పట్టుకునే క్లాంపుకీ అద్దానికీ మధ్య ఉండే ప్లాస్టిక్ బుష్ పారేసి నేరుగా ఇనుముతో బిగిస్తే, ఆ రోజు బాగానే ఉండి ఎండలో నిలబెట్టిన ఏదో ఒక మధ్యాహ్నం దానంతట అదే పగులుతుంది. కొన్ని ఖరీదైన కార్లలో చప్పుడు తగ్గడానికి డోర్‌కి కూడా ముందు అద్దంలాగా లామినేటెడ్, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది వేస్తారు. కాబట్టి ఆర్డర్ పెట్టేముందు అవతలి డోర్ అద్దం మూలన ఉన్న గుర్తులు చదవండి, ఫోటో తీసి పంపండి. పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో అడిగినా, బయటి నుంచి తెప్పించినా, సెకండ్ హ్యాండ్ అయినా ఇదే పద్ధతి. పక్క అద్దంలోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నిబంధన ఉంది. నల్ల అద్దం చవకగా దొరికిందని వేయకండి.

ఇక శుభ్రం చేయడం. చాలామంది దీన్ని హెల్పర్‌కి వదిలేస్తారు. నేను మాత్రం దీన్ని సగం పని అంటాను. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఈ కార్లలో చాలావాటికి డోర్‌లోనే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. కనెక్టర్ ఊడదీసి కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, దాన్ని ఆర్పడానికి మళ్లీ స్కానర్ కావాలి. ప్యాడ్ తీశాక ఒక పల్చటి షీటు కనిపిస్తుంది. దాన్ని బ్లేడుతో చీల్చకండి. దాని చుట్టూ ఉన్న నల్లటి బంక మీద దుమ్ము పడకుండా మెల్లగా ఒలవండి. డోర్ లోపలికి నీళ్లు రావడం మామూలే, కిందనున్న రంధ్రాల నుంచి పోతాయి. ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది ఈ షీటే. పని అయ్యాక సరిగ్గా అతికించకపోతే అద్దం ఎంత బాగా పెట్టినా కార్పెట్ తడుస్తుంది.

వ్యాక్యూమ్ పెట్టి లాగాక పని అయిపోయిందనుకోకండి. అరచేత్తో డోర్ కింది అంచుని గట్టిగా తట్టి, చెవి దగ్గర పెట్టి వినండి. గలగలమని వినిపిస్తుంది. మళ్లీ లాగండి, మళ్లీ తట్టండి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఇదే పని. లోపలి నడుం రబ్బరు, బయటి నడుం రబ్బరు రెండూ తీసి, బ్రష్‌తో గీకి, గోరుతో తడిమి చూడండి. మెషిన్ కేబుల్ పోయే గాడి చూడండి. సీటు పట్టాలు, బెల్టు బకిల్, ఏసీ జాలీ కూడా చూడండి. కన్వర్టిబుల్, అంటే టాప్ తీసే కారు అయితే, టాప్ మడిచి పెట్టే గుంట ఒకటి వెనక ఉంటుంది. దానికి నీళ్లు పోయే గొట్టాలుంటాయి. ముక్కలు వాటిలోకి వెళ్లాయంటే పైకప్పు నీళ్లన్నీ లోపలికే. వెనక సీట్లో పసిపిల్లలు కాళ్లకి చెప్పులు లేకుండా కూర్చుంటారన్నది తలుచుకుంటే ఒక్క ముక్క కూడా వదలబుద్ధి కాదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. చాలా ఏళ్ల కిందట బంజారాహిల్స్‌లో ఒక సెల్లార్‌లో నిలబెట్టిన కారు, బ్యాటరీ పూర్తిగా డౌన్. అద్దం పూర్తిగా పైకి ఉంది. నాకు టైం లేదు, డోర్ లాగాను, పని చేశాను, మూశాను. మూసిన క్షణంలో నా చేతుల్లోనే అద్దం మొత్తం జలజలా రాలిపోయింది.

ఎందుకో తర్వాత ఉస్తాద్ చెప్పాడు. ఈ కాలపు ఫ్రేమ్ లేని డోర్లలో, హ్యాండిల్ లాగగానే అద్దం సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. డోర్ పడ్డాక మళ్లీ పైకెక్కి బీడింగ్ పెదవి కిందికి దూరుతుంది. డోర్ లాక్ పడే లాచ్‌లో ఉన్న చిన్న స్విచ్, మాడ్యూల్ అనే కంట్రోల్ పెట్టెకి చెబితే, ఆ పెట్టె మోటారుని నడుపుతుంది. బ్యాటరీ లేదంటే అద్దం దిగదు. దిగని అద్దంతో డోర్ మూస్తే అంచు వెళ్లి పైనున్న మోల్డింగ్‌ని కొడుతుంది. అంచు అంటే టఫెన్డ్ అద్దానికి ప్రాణం. "బిడ్డా, కరెంటు లేని డోర్‌ని మూయొద్దు" అన్నాడు ఉస్తాద్. ఆ అద్దం డబ్బులు నేనే కట్టాను, అది న్యాయమే. అప్పటినుంచి బ్యాటరీ టెర్మినల్ ముట్టుకునే ముందు అద్దం దించుతాను. అప్పటికే బ్యాటరీ డౌన్ అయి ఉంటే బయటి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చాకే డోర్ ముట్టుకుంటాను. పాత ఫారెస్టర్‌లో ఈ దిగే ఏర్పాటు లేదు, అద్దం వచ్చి రబ్బరుకి ఊరికే ఆనుతుంది. దాని మీద అలవాటైన చెయ్యి కొత్త కార్ల మీద మోసపోతుంది.

ఇక సెట్టింగ్. పాత బోల్టులు వదులు చేయకముందే ప్రతి బోల్టు చుట్టూ పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. ఈ ఒక్క పని చేస్తే కొత్త అద్దం పాత చోటికి దగ్గరగా వచ్చి నిలబడుతుంది. ఆ తర్వాత మూడు దిక్కులు చూసుకోవాలి. ముందు-వెనక, ఎత్తు, వంపు. నేను వంపుని చివరికి పెట్టుకుంటాను, కష్టమంతా అందులోనే ఉంది కాబట్టి. ఇది తక్కెడలాంటిది. పట్టా కింది కొసని బయటికి తోస్తే అద్దం పై అంచు లోపలికి వాలుతుంది. కింద బోల్టు సగం చుట్టు తిప్పితే పైన కంటికి కనిపించేంత కదులుతుంది. అందుకని సగం సగం చుట్టే తిప్పండి, తిప్పిన ప్రతిసారీ డోర్ మూసి చూడండి.

ఎంత వాలాలి? కారు వేగంగా పోతున్నప్పుడు బయట గాలి పీడనం తగ్గి అద్దాన్ని బయటికి లాగుతుంది. నిలబెట్టినప్పుడు రబ్బరుకి ఊరికే తగిలి ఉంటే, ఔటర్ మీద వంద దాటేసరికి సందు పడి ఈల మొదలవుతుంది. అందుకని కొంచెం ఒత్తిడి ముందే పెట్టాలి. మరీ ఎక్కువైతే డోర్‌ని బాదితే గానీ పడదు, బీడింగ్ పెదవి కోసుకుపోతుంది. ఆ మధ్యస్తం చెప్పడానికి ఏ మీటరూ అక్కర్లేదు. బిల్లు కాగితం రెండు వేళ్ల వెడల్పు చింపి, అద్దానికీ రబ్బరుకీ మధ్య పెట్టి డోర్ మూసి లాగండి. జారిపోతే వదులు. చిరిగితే బిగువు. పట్టి పట్టి వస్తే సరి. జానెడు జానెడు దూరంలో అద్దం చుట్టూ ఇలా లాగుతూ పోండి. అద్దం పై మూలన, ముందు స్తంభం దగ్గర ఇంకోసారి చూడండి. నీళ్లు ఎక్కువగా దారి వెతుక్కునేది ఆ మూలలోనే.

కన్వర్టిబుల్ దగ్గర ఓపిక రెట్టింపు కావాలి. పైన గట్టి కప్పు లేదు. బీడింగ్ కూడా ముక్కలు ముక్కలుగా టాప్‌తో పాటే మడుచుకుంటుంది. డోర్ అద్దం వెనక చిన్న క్వార్టర్ అద్దం ఇంకోటి లేస్తుంది. ఆ రెండూ ఒక నిలువు రబ్బరు దగ్గర కలవాలి. టాప్ పూర్తిగా లాక్ అయిన తర్వాతే సెట్టింగ్ మొదలుపెట్టండి. క్వార్టర్ అద్దాన్ని ఎవరూ కదపలేదంటే దాన్ని ముట్టుకోకండి, డోర్ అద్దాన్నే దాని దగ్గరికి తీసుకురండి. అయిపోయాక టాప్‌ని మూడు నాలుగుసార్లు తెరిచి మూసి, కాగితం మళ్లీ లాగండి. మొదటిసారి సరిగ్గా ఉండి మూడోసారి తప్పినవి నేను చూశాను.

మే నెల మధ్యాహ్నం ఎండలో ఈ పని పెట్టుకోకండి. వేడికి రబ్బరు మెత్తబడి తప్పుడు కొలత చూపిస్తుంది. నీడలో పెట్టి, చల్లారాక చేయండి. రబ్బరుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చేతికి దొరికిన ఇంజిన్ ఆయిల్ రాస్తే బీడింగ్ ఉబ్బిపోతుంది.

బ్యాటరీ పెట్టాక అద్దం తన కొసలు ఎక్కడున్నాయో మరిచిపోయి ఉంటుంది. చాలా కార్లలో అద్దం పూర్తిగా పైకి వెళ్లాక స్విచ్‌ని కొన్ని సెకన్లు పట్టుకుని ఉంచాలి, కిందికి వెళ్లాక మళ్లీ అలాగే. ఒక్కో కారుకి ఒక్కో పద్ధతి, మాన్యువల్ చూడండి. ఇది చేయకపోతే డోర్ తెరిచినప్పుడు అద్దం దిగదు. నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. చెయ్యి అడ్డమొస్తే ఆగే రక్షణ కూడా పనిచేయదు.

తర్వాత నీళ్లు. ప్రెషర్ వాషర్ వద్దు, మామూలు పైపుతో కింది నుంచి పైకి మెల్లగా పోయండి. ఒకరు లోపల టిష్యూ కాగితం, టార్చి పట్టుకుని కూర్చోవాలి. గాలికైతే కారుని ఔటర్ మీదకి తీసుకెళ్లండి. ఈల వినిపిస్తే పక్కకి ఆపి, అనుమానం ఉన్న సందు మీద బయటి నుంచి మాస్కింగ్ టేపు జానెడు అతికించి మళ్లీ నడపండి. చప్పుడు ఆగితే చోటు దొరికినట్టే. ఆగకపోతే టేపు ఇంకో జానెడు జరపండి.

ఆ మధ్య ఒక మేడమ్ అడిగారు, "అన్నా, వేరే చోట గంటలో ఇస్తామంటున్నారు, మీరు రేపు సాయంత్రం అంటారేంటి?" అని. "మేడమ్, నేనూ గంటలో బిగించి ఇవ్వగలను. కానీ వానలో మీరు డ్రైవ్ చేసేటప్పుడు భుజం మీద నీళ్లు పడితే మళ్లీ రావాల్సింది మీరే" అన్నాను. ఈ డబ్బా తీసి చూపించాను. కారు వదిలి వెళ్లారు. కస్టమర్‌కి టైం ఎంత పడుతుందో ముందే నిజం చెప్పండి, ఆ టైంకి డబ్బు కూడా అడగండి. ఫిట్టింగ్ చార్జీ మామూలు కారుదే తీసుకుంటే, సెట్టింగ్ దగ్గరే తొందరపడతాం. అది మనిషి స్వభావం.

బయట చెట్టు కింద ఒక మినీ నిలబెట్టి ఉంది. ఎడమ డోర్ వంపుని కావాలనే ఒక చుట్టు తప్పించి ఉంచాను. ఈ బిల్లు బుక్కులోంచి తలా ఒక కాగితం చింపుకుని రండి. ఎక్కడ వదులుగా ఉందో ముందు మీరు చెప్పండి, ఆ తర్వాత డోర్ ప్యాడ్ విప్పుదాం.