టైరు మీద పడ్డ స్ప్రే పెయింట్‌ను రబ్బరు పాడవకుండా తీయడం

నమస్తే అండీ. ఈ టైరు చూడండి. రిమ్ముకి స్ప్రే కొడుతుంటే సిల్వర్ తుంపర అంతా పక్కనున్న రబ్బరు మీద పడింది. ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి పెట్రోల్ సీసా మీదికో థిన్నర్ డబ్బా మీదికో పోతుంది. వాటిని అక్కడే ఉంచేయండి. అవి పెయింటుతో ఆగవు, రబ్బరులోకి కూడా దిగి దాన్ని ఉబ్బిస్తాయి. ఎండకీ గాలికీ పగుళ్లు రాకుండా టైరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతారు కదా, వాటినీ బయటికి లాగేస్తాయి. పెయింటు పోయిందని ఇవాళ సంబరపడతాం, సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క భాగం మీద, సన్న పగుళ్లు తర్వాతెప్పుడో కనపడతాయి.

ముందు పని తగ్గించుకుందాం. రోడ్డుకి ఆనే భాగం, అంటే ట్రెడ్ మీద పడ్డ పెయింటు జోలికి పోకండి. బండి తిరిగితే రోడ్డే గీకేస్తుంది. గాడుల లోపల కాస్త మిగిలినా నష్టం లేదు. మన పనంతా సైడ్‌వాల్‌తోనే.

పెయింటు ఇంకా తడిగా ఉంటే అదృష్టమే. పాత గుడ్డతో అద్ది అద్ది తీయండి, రుద్దొద్దు. రుద్దితే చిన్న మచ్చ కాస్తా చారలు చారలుగా పాకుతుంది.

ఎండిపోయిందా? అయితే టెన్షన్ పడకుండా ఒక రోజు బండి మామూలుగా తిప్పండి. బండి నడుస్తున్నప్పుడు సైడ్‌వాల్ నొక్కుకుంటూ సాగుతూ ఉంటుంది. ఎండి గట్టిపడ్డ పెయింటు అంతలా వంగలేదు, పెచ్చులుగా పగిలి అంచులు లేస్తాయి. పైగా టైరు లోపలి మైనం కొద్దికొద్దిగా పైకి ఊరుతూ ఉంటుంది కాబట్టి రబ్బరు మీద పెయింటు పట్టు అసలే తక్కువ.

ఇప్పుడు బండిని నీడలో, చదునైన చోట పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. టైరు చల్లబడ్డాక చెయ్యి పట్టేంత వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, గట్టి నైలాన్ బ్రష్ తీసుకోండి. సబ్బు నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, ఇదిగో ఇలా గుండ్రంగా తోమండి. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న చోట పెయింటు మూలల్లో ఇరుక్కుంటుంది, అక్కడికి పాత టూత్‌బ్రష్ బాగా పనికొస్తుంది.

నురగ చూశారా, గోధుమ రంగులోకి మారింది. కంగారు పడకండి, రబ్బరు కరగడం లేదు. పగుళ్లు రాకుండా కలిపిన రసాయనం పైకి వచ్చి గాలి తగిలితే ఈ రంగుకి మారుతుంది, దానికి మురికి కూడా తోడవుతుంది. మనం వెతకాల్సింది నురగలో మెరిసే సిల్వర్ పెచ్చుల కోసం. అవి వస్తున్నంతసేపూ సబ్బు పని చేస్తున్నట్టే, వేరే మందు అక్కర్లేదు. నన్నడిగితే చాలా టైర్లకి ఇక్కడితో సరిపోతుంది.

ఇంకా మొండి మచ్చలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (రబ్బింగ్ ఆల్కహాల్ అంటారు) గుడ్డ మీద వేసుకోండి, టైరు మీద పోయొద్దు. మచ్చ మీద అర నిమిషం అదిమి పట్టి, తుడిచి, వెంటనే సబ్బు నీళ్లతో కడగండి. ముందు కనపడని మూల ఒకసారి పరీక్షించుకోండి. గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి, దగ్గర్లో సిగరెట్, మంట ఉండకూడదు. బాగా ఎండిన ఎనామెల్ పెయింటు దీనికి అంత తేలిగ్గా లొంగదు. అలాంటి ఒకటి రెండు చుక్కలకి మాత్రం అసిటోన్ దూదితో అద్ది, క్షణాల్లో తుడిచి కడిగేయొచ్చు. రిమ్ముకి తగిలితే దాని పైపూత పోతుంది కాబట్టి ముందే అంచు పొడవునా మాస్కింగ్ టేప్ అంటించండి. టైరంతా అసిటోన్‌తో తుడవడం మాత్రం వద్దే వద్దు.

ఇనప బ్రష్, గరుకు కాగితం, డ్రిల్లుకి బిగించే తీగల చక్రం, వీటి జోలికీ పోకండి. సైడ్‌వాల్ ట్రెడ్ కంటే పల్చన. అక్కడ గీత పడితే రబ్బరు తిరిగి రాదు.

చివరగా బాగా కడిగి ఆరనిచ్చాక తోమిన చోట వెలిసినట్టుగా కనిపిస్తే, నీటి ఆధారిత టైర్ డ్రెస్సింగ్, అంటే టైరుకి నల్లటి మెరుపు తెచ్చే పూత, గుడ్డతో పల్చగా రాయండి. సైడ్‌వాల్‌కి మాత్రమే. ట్రెడ్‌కి తగిలితే జారుతుంది, బ్రేక్ డిస్క్‌కి తగిలితే బ్రేక్ సరిగ్గా పట్టదు. కడిగిన నీళ్లు డిస్క్ మీద కూడా పడి ఉంటాయి కాబట్టి, బండి తీయగానే ఖాళీ చోట నెమ్మదిగా పోతూ నాలుగైదు సార్లు బ్రేక్ నొక్కి చూసుకుని, ఆ తర్వాతే రోడ్డెక్కండి.