తీగ మీద వాలిందా, లేదా?

హోస్ట్: అక్కా, నమస్కారం. మొన్న సాయంత్రం కాలువ గట్టు మీద గుంపుగా తిరుగుతున్న పిట్టల్ని నేను స్వాలోలు అంటే, మీరు స్విఫ్ట్‌లు అన్నారు. మా ఊళ్ళో అన్నీ వానకోయిలలే!

అక్క: అలా అనడంలో తప్పేం లేదు. రెండూ ఎగురుతూనే పురుగుల్ని పడతాయి. రెండింటికీ పొడుగు రెక్కలు, పొట్టి ముక్కు. కానీ చుట్టరికం లేదు. స్విఫ్ట్‌కి దగ్గరి బంధువు అమెరికా ఖండాల్లోని హమ్మింగ్‌బర్డ్. స్వాలో మాత్రం పిచ్చుకలు, కాకులు ఉండే పెద్ద వర్గంలోది.

హోస్ట్: మరి పోల్చుకోవడం ఎలా?

అక్క: కరెంటు తీగ మీద వాలిందంటే అది స్విఫ్ట్ కాదు. దాని కాళ్ళు మరీ పొట్టి. గోడనో తాటాకునో గోళ్ళతో పట్టుకుని వేలాడుతుంది, తీగ మీద నిలవలేదు. గాలిలో ఉంటే రెక్క చూడు. స్విఫ్ట్ రెక్క కొడవలిలా బిగుసుకుని ఉంటుంది. మొన్న మనం చూసినవి నల్లగా ఉన్నాయి, తోక మొదట్లో తెల్ల మచ్చ, తోక చివర పొట్టిగా, చదరంగా. పాత కోటల్లో, గుడి గోపురాల్లో గుంపులుగా గూళ్ళు పెట్టేవి అవే. తాటిచెట్ల చుట్టూ సన్నగా, గోధుమ రంగులో తిరిగేది ఇంకో స్విఫ్ట్. అది ఉమ్మితో తాటాకుకే గూడు అంటిస్తుంది.

హోస్ట్: అయితే తీగ మీద కత్తెర తోక కనిపిస్తే స్వాలో అనుకోవచ్చా?

అక్క: తొందరపడకు. పసులపోలిగాడికీ కత్తెర తోకే. కాకపోతే అది ఒళ్ళంతా నలుపు, స్వాలో కన్నా చాలా పెద్దది. నాలుగైదు బూడిదరంగు పిట్టలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే, ముక్కు లావుగా, నీలి బూడిద రంగులో ఉంటే, అది ఆషీ వుడ్‌స్వాలో. పేరులోనే స్వాలో, నిజంగా కాదు.

హోస్ట్: అసలు స్వాలోలోనే ఇన్ని రకాలుంటే ఎలా అక్కా?

అక్క: అందుకే గొంతు చూడమంటాను. చలికాలంలో మన దగ్గరికి వచ్చే బార్న్ స్వాలోకి గొంతు ఇటుక రంగు, దాని కింద అడ్డంగా ముదురు నీలి పట్టీ. దాళ్వా దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాలే నేలకి ఆనుకుని ఎగురుతుంటుంది. అందరూ దాని పొడుగు తోక కోసం వెతుకుతారు, అక్కడే పొరపాటు. ఇక్కడున్న నెలల్లోనే అది ఈకలు మార్చుకుంటుంది, పిల్లలకైతే తోక ఇంకా పెరగదు. కాబట్టి తోక పొట్టిగా ఉన్నా పట్టీ ఉందేమో చూడు. గొంతు నుంచి పొట్ట దాకా తెల్లగా, నెత్తిన ఇటుక రంగు టోపీ ఉంటే వైర్ టెయిల్డ్ స్వాలో. నీళ్ళ దగ్గరే ఉంటుంది, తోకలో రెండు ఈకలు నిజంగానే తీగల్లా సన్నం. గొంతు మీద గీతలుండి, తోక చీలిక అంతగా లేకపోతే, వంతెనల కింద మట్టిగూళ్ళు గుత్తులుగా కట్టే చిన్న స్వాలో. గోల్కొండ లాంటి రాతి కోటల దగ్గర మసి రంగులో ఉండేది క్రాగ్ మార్టిన్.

హోస్ట్: మా ఇంటి పోర్టికో కింద ఒక మట్టిగూడు ఉందక్కా. సీసాని అడ్డంగా పడుకోబెట్టినట్టు, మూతి పొడుగ్గా ఉంది.

అక్క: అబ్బ, అది రెడ్ రంప్డ్ స్వాలో! తోక మొదట్లో ఇటుక రంగు, పొట్ట మీద సన్నని గీతలు, తోక లోతుగా చీలి ఉంటుంది. చూశావా?

హోస్ట్: తోక మొదట్లో రంగు చూశాను. కానీ పెళ్ళికి రంగులేస్తున్నాం, గూడు తీసేయమని పెయింటర్‌కి చెప్పారు మా వాళ్ళు.

అక్క: లోపల పిల్లలున్నాయా? పెద్దవి పురుగుల్ని నోట కరుచుకుని లోపలికి వెళ్తున్నాయా?

హోస్ట్: పొద్దున్నుంచీ వెళ్తూనే ఉన్నాయి.

అక్క: అయితే పిల్లలున్నట్టే నాన్నా. మూడు నాలుగు వారాల్లో ఎగిరిపోతాయి. ఒక్కో మట్టి ముద్దా నోటితో తెచ్చి కట్టుకున్న ఇల్లది. ఆ మూల ఒక్కటీ వదిలేయమను.

హోస్ట్: రికార్డింగ్ ఆపగానే పెయింటర్‌కి ఫోన్ చేస్తానక్కా.

అక్క: ఆపాక ఎందుకు, ఇప్పుడే చెయ్యి.