సీజర్ 3: మార్కెట్ ఆవిడ ఎటు తిరుగుతుందో చూస్తూ కూర్చునే ఆట

నమస్తే అండీ. ఈరోజు స్క్రీన్ మీద ఉన్నది సీజర్ 3. 1998లో వచ్చింది. తయారు చేసింది ఇంప్రెషన్స్ గేమ్స్, మార్కెట్లోకి తెచ్చింది సియెర్రా. రోమన్ సామ్రాజ్యంలో మీరొక గవర్నర్. ఖాళీ నేల, చేతిలో కొంత డబ్బు ఇచ్చి పంపిస్తారు. అక్కడ ఊరు కట్టాలి, ఆ ఊరు నిలబడాలి. కథ అంతే.

అదే ఏడాది స్టార్‌క్రాఫ్ట్ కూడా వచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అప్పటికే ఏడాది ముందు నుంచి ఉంది. అవి చకచకా క్లిక్ చేసే ఆటలు, పక్క సిస్టమ్‌లో ఉన్నవాడిని ఓడించే ఆటలు. గంటకింత అని కట్టి నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లకు సీజర్ 3 ఏం పనికొస్తుంది చెప్పండి? గంట గడిచేసరికి ఇక్కడ పది గుడారాలు, రెండు గోధుమ పొలాలు, ఒక బావి ఉంటాయి. ఇంట్లో సొంత కంప్యూటర్, తీరిక, రెండూ ఉన్నవాళ్ల ఆట ఇది.

స్లో గేమ్ అంటారు కదా, స్పీడు పెంచే మీట ఆటలోనే ఉంది. నేను ఇప్పుడు 70 శాతంలో పెట్టాను. దాన్ని 100కి తెచ్చినా ఆట స్వభావం మారదు. ఎందుకంటే ఇందులో ప్రతిదీ ఎవరో ఒకరు నడిచి తేవాలి. పొలంలో గోధుమలు పండితే ఒక మనిషి బండి తోసుకుంటూ ధాన్యపు కొట్టుకు తీసుకెళ్లాలి. అక్కడి నుంచి మార్కెట్ ఆవిడ వెళ్లి తెచ్చుకోవాలి. మళ్లీ మార్కెట్ నుంచి ఇంకొకావిడ వీధి వెంట నడుస్తూ ఇంటింటికీ అందించాలి. నిప్పు అంటుకోకుండా చూసే ప్రిఫెక్ట్ నడవాలి, గోడలు కూలకుండా చూసే ఇంజనీర్ నడవాలి, పూజారి నడవాలి, వైద్యుడు నడవాలి. ఈ ఆట ఆడేవాళ్లు వీళ్లందరినీ కలిపి వాకర్లు అంటారు. మీరు ఆడేది ఊరితో అనుకుంటారు గానీ, నిజంగా ఆడేది దూరంతో.

ఒక్క నిమిషం, జూమ్ లాంటిదేమీ లేదు కాబట్టి కాస్త దగ్గరికి జరిగి చూడండి. ఇదిగో, కుడివైపు మార్కెట్. ఇక్కడ ఇద్దరు పనిచేస్తున్నారు. ఈవిడ కొనేవిడ. ధాన్యపు కొట్టుకు వెళ్లింది, వస్తోంది చూశారా? వెనకాల పిల్లలు వరసగా, ఒక్కొక్కరి చేతిలో ఒక బుట్ట. 1998 నాటి బొమ్మలు, మనిషి మన చిటికెన వేలి గోరంత కూడా ఉండడు. అయినా ఆ వరస స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్ని బుట్టలు వస్తున్నాయో లెక్కపెట్టుకోవచ్చు కూడా.

ఇక రెండోవిడ, అమ్మేవిడ. అసలు టెన్షన్ అంతా ఈవిడతోనే. ఈవిడకు ఫలానా ఇంటికి వెళ్లాలని లెక్కేమీ ఉండదు. మార్కెట్ గుమ్మం దాటి రోడ్డెక్కుతుంది. రోడ్డు ఎటు పోతే అటు. మూడు దార్లు కలిసేచోట ఏదో ఒక వైపు తిరుగుతుంది. ఎటు తిరగాలో మనం చెప్పలేం. కొంత దూరం పోయాక దగ్గరి దారిలో వెనక్కి వచ్చేస్తుంది. ఆవిడ ఏ ఇళ్ల పక్కగా వెళ్లిందో ఆ ఇళ్లకే తిండి.

ఇప్పుడు ఈ మలుపు చూడండి. ఎడమకు వెళ్తే ఇళ్లు, కుడికి వెళ్తే కుండలు చేసే చోటు, గోడౌన్. ఆ... కుడికి తిరిగింది. సరే. మళ్లీ వస్తుంది. మళ్లీ కుడికే. ఈలోగా ఎడమవైపు ఇళ్లలో గింజలు అయిపోతున్నాయి. ఆ ఇంటి మీద రైట్ క్లిక్ చేస్తే తిండి నిల్వ ఎంతుందో, ఇల్లు ఎందుకు దిగజారబోతోందో వాళ్లే చెప్తారు.

ఇక్కడి నుంచి ఏమవుతుందో నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆట మొత్తం ఈ గొలుసులోనే ఉంది. ఇందులో ఇళ్లకు 20 మెట్లుంటాయి. అన్నిటికంటే కింద చిన్న గుడారం, అన్నిటికంటే పైన విలాసవంతమైన ప్యాలెస్. ఒక గడిలో పెద్ద కాసా స్థాయి ఇల్లుంటే 17 మంది ఉంటారు. తిండి లేకపోతే ఆ ఇల్లు ఒక్కో మెట్టూ దిగి పెద్ద గుడారం దగ్గర ఆగుతుంది. అక్కడ పట్టేది ఏడుగురు. మిగతా పదిమంది మూటాముల్లె సర్దుకుని రోడ్డు మీద పడతారు. వేరే ఇంట్లో చోటుంటే సరి, లేకపోతే ఊరు వదిలి వెళ్లిపోతారు. అలాంటి ఇళ్లు ఒక వరస మొత్తం పడిపోయిందనుకోండి, ఊర్లో పనివాళ్లు తగ్గిపోతారు. పొలాల్లో మనుషులు చాలరు, పంట తగ్గుతుంది. ప్రిఫెక్ట్ ఆఫీసులో మనుషులు చాలరు, నిప్పు పుడుతుంది. మొదట ఇబ్బంది ఎడమ వీధికే. కాసేపటికి ఊరంతటికీ. మనం ఏదీ కూల్చలేదు, ఎవరూ దాడి చేయలేదు. ఒకావిడ కుడికి తిరిగింది, అంతే.

అందుకే పాత ఆటగాళ్లు కట్టిన ఊళ్లు చూస్తే కూడళ్లు తక్కువ, గుండ్రంగా తిరిగే రోడ్లు ఎక్కువ. దారి చీలకపోతే ఆవిడ తప్పిపోయే అవకాశమే ఉండదు. కోటగుమ్మం పెట్టి కూడా ఆపుతారు, ఎందుకంటే ఇలా ఊరికే తిరిగే వాకర్లు దాన్ని దాటరు. శత్రువు కోసం పెట్టిన గుమ్మంతో మన మార్కెట్ ఆవిడనే ఆపడం అన్నమాట. ఇలాంటి దొంగదారులు కనిపెట్టడంలోనే సగం సరదా.

ఇంకొక విచిత్రం. ఏ కట్టడానికైనా పనివాళ్లు కావాలంటే, అక్కడి నుంచి ఒక మనిషి బయల్దేరి వెతుక్కుంటూ తిరుగుతాడు. అతని దారిలో జనం ఉన్న ఇల్లు ఒక్కటి తగిలితే చాలు, ఊరు మొత్తంలో ఖాళీగా ఉన్న పనివాళ్లు ఆ కట్టడానికి అందుబాటులోకి వచ్చేస్తారు. ఇంట్లో ఉన్నది ఐదుగురే కావచ్చు, పొలానికి పదిమంది కావాలి, అయినా సరిపోతుంది. దీని ఫలితం ఏంటంటే, అందరం పొలాల పక్కన రెండు గుడారాలు వేసి వదిలేస్తాం. వాటికి మార్కెట్ పెట్టం, గుడి కట్టం, బడి కట్టం. ఒక ప్రిఫెక్ట్‌ను మాత్రం పెడతాం, అది కూడా గుడారం అంటుకుంటే పొలం పనికి అడ్డమని. ఊరికి తిండి పెట్టే చోటే ఎప్పటికీ గుడారాలు. ఆటలో ఎవరూ అలా చేయమని చెప్పరు. లెక్క చూసుకుని మనమే చేస్తాం. కొంచెం ఇబ్బందిగా అనిపిస్తుంది, అయినా చేస్తాం.

ఇప్పుడు వైన్ సంగతి. కుండలు, కుర్చీలు బల్లలు, నూనె, ఇలా ఒక్కొక్కటీ అందిస్తూ పోతే ఇళ్లు పెద్ద పెద్ద ఇన్సులాలు అవుతాయి. అంటే నాలుగు గడుల అపార్ట్‌మెంట్లు. అందులో పెద్దదాంట్లో 84 మంది ఉంటారు. ఇంకేముంది, వైన్ కూడా ఇచ్చేద్దాం అనుకుని ఇచ్చామనుకోండి, అది చిన్న విల్లా అవుతుంది. విల్లాలో పట్టేది 40 మంది. సగానికి పైగా జనం బయటికి. పైగా విల్లాలో ఉండేవాళ్లు దొరగార్లు, పనికి రారు. పన్నులు బాగా కడతారు, నిజమే. కానీ ఆ 84 మందిలో పనికి వెళ్లేవాళ్లు ఒక్కరూ మిగలరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనం అనేది సరిగ్గా దీన్నే. వైన్ గోడౌన్ కూలీల వీధికి దూరంగా, దొరల వీధికి దగ్గరగా పెట్టాలి. ఇలాంటిది ఆట ముందే చెప్పదు. పక్కపక్కనే అన్నీ మెరుగవుతుంటే, ఉన్నట్టుండి పొలాలు బోసిపోతే, అప్పుడు కూర్చుని వెతుక్కోవాలి.

ముసలితనం కూడా ఉందండోయ్. జనాభా పేజీలో వయసుల గ్రాఫ్ ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని తెరవనే తెరవరు. ఊరు నిండిపోయి కొత్తవాళ్లు రావడం ఆగిపోతే, ఉన్నవాళ్లకు వయసు మీద పడుతుంది. జనాభా అంకె అలాగే ఉంటుంది, పనిచేసేవాళ్లు మాత్రం ఏడాదికేడాది తగ్గుతారు. అంతా బాగుందనుకుని కాఫీకి లేస్తే, తిరిగి వచ్చేసరికి పనివాళ్లు చాలడం లేదని మెసేజ్.

దేవుళ్ల గురించి ఎక్కువ చెప్పను. సెరెస్, నెప్ట్యూన్, మెర్క్యురీ, మార్స్, వీనస్, మొత్తం ఐదుగురు. ఎవరికి గుళ్లు తక్కువైతే వాళ్లకు కోపం. నెప్ట్యూన్ అలిగితే సరుకు ఓడలు మునుగుతాయి, మెర్క్యురీ అలిగితే గోడౌన్లో సరుకు మాయం. అందరికీ సమానంగా గుళ్లు కట్టండి, ఉత్సవాలు చేయండి, పని అయిపోతుంది. యుద్ధం అయితే ఇంకా సాదా. మూడో మిషన్ నుంచి శాంతిగా ఉండే ఊరా, దాడులు జరిగే ఊరా అని ఎంచుకోమంటారు. కపువా అయితే ప్రశాంతం, టరెంటమ్ అయితే గొడవలు. నా మాట వినండి, కపువాకే వెళ్లండి. సైన్యాన్ని నడిపించడం ఈ ఆటకు చేతకాని పని. ఊరు కట్టించడంలో పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా అక్కడ కనపడదు.

డబ్బు మాత్రం సరదాగా ఉంటుంది. గవర్నర్‌గా మీ జీతం మీరే పెట్టుకోవచ్చు. మీ హోదాకు మించి పెట్టుకుంటే రోమ్‌లో మీ మీద అభిమానం తగ్గుతుంది. ఆ జీతం దాచుకుని సీజర్‌కు కానుకలు పంపించి ఆ అభిమానాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు! ఊరి ఖజానా ఖాళీ అయితే సొంత డబ్బు వేయొచ్చు. అప్పు 5000 దినారీల వరకు. అప్పులో అలాగే కూర్చుంటే, చివరికి సీజర్ సైన్యమే మన ఊరి మీదకు వస్తుంది. దినారీ అంటే గుర్తొచ్చింది, మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు పెద్ద సంఖ్యలో దొరికాయి. అంటే ఆ డబ్బు మన దాకా వచ్చింది. ఆటలోని వ్యాపార పటం మాత్రం మన దాకా రాదు. మిరియాలు, నూలు బట్టలు కొనే దారి ఒకటి పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఇంప్రెషన్స్ వాళ్లు తర్వాత ఇదే పద్ధతిలో 1999లో ఈజిప్టు నేపథ్యంలో ఫారో, 2000లో గ్రీకు నేపథ్యంలో జ్యూస్ (Zeus), 2002లో చైనా నేపథ్యంలో ఎంపరర్ తెచ్చారు. 2004లో కంపెనీ మూతపడింది. ఫారోలో రోడ్డుకు అడ్డంగా పెట్టే రోడ్‌బ్లాక్ వచ్చింది. అది పెడితే ఊరికే తిరిగే వాకర్లు అక్కడి నుంచి వెనక్కి తిరుగుతారు, పనిమీద వెళ్లే బండ్లు మాత్రం దాటిపోతాయి. అందరూ దాన్ని పెద్ద మేలుగా చెప్తారు. నాకు మాత్రం అర మనసే. రోడ్‌బ్లాక్ ఉంటే ప్రతి వీధికీ ఒకే నమూనా సరిపోతుంది, నాలుగు అడ్డాలు పెట్టేసి ముందుకెళ్లిపోతాం. అది లేనప్పుడు నది ఒంపును బట్టి, కొండను బట్టి రోడ్డు ఎలా వేయాలా అని బుర్ర బద్దలు కొట్టుకోవాలి. ప్రతి ఊరికీ దాని సొంత ఆకారం అక్కడే వస్తుంది.

2023లో వచ్చిన ఫారో రీమేక్ కూడా చూశాను. బొమ్మలు చక్కగా ఉన్నాయి. కానీ యుద్ధాన్ని దానంతట అది జరిగిపోయేలా మార్చారని పాత అభిమానులు చాలా గోల పెట్టారు. నాకు దాని గురించి బాధేమీ లేదు, ఇందాకే చెప్పాను కదా, ఆ భాగం ఎప్పుడూ నీరసమే.

సరే, ఇప్పుడు ఆడాలంటే ఎలా? గాగ్ (GOG), స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో అమ్ముతున్నారు. అసలు ఆటను నేరుగా తెరిస్తే ఇప్పటి పెద్ద స్క్రీన్ల మీద ఇబ్బంది. అది 1024 బై 768 దాకానే చేసిన ఆట. దానికి అభిమానులు జూలియస్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ రాశారు. కొన్న ఆట ఫైళ్లు దానికి చూపిస్తే చాలు, పెద్ద స్క్రీన్ నిండా వస్తుంది. ఆట తీరు మాత్రం పాతదే, మీ పాత సేవ్ ఫైళ్లు కూడా పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ మీద కూడా నడుస్తుంది, కానీ ఫోన్‌లో ఆ చిన్న మనుషుల మీద వేలు పెట్టడం కష్టమే. జూలియస్ నుంచే పుట్టింది ఆగస్టస్. అందులో రోడ్‌బ్లాక్‌లు, కొత్త కట్టడాలు, మార్కెట్ ఏ సరుకు తేవాలో మనమే చెప్పే సౌకర్యం, అన్నీ ఉన్నాయి. ఆ వైన్ తలనొప్పి ఒక్క టిక్ మార్క్‌తో పోతుంది.

మొదటిసారి ఆడేవాళ్లు జూలియస్‌తోనే మొదలుపెట్టండి. ఒకటి రెండు ఊళ్లు మార్కెట్ ఆవిడ దయ మీద ఆధారపడి కట్టి చూడండి. విసుగొస్తే ఆగస్టస్ ఎలాగూ ఉంది.

ఆడేటప్పుడు ఇంకొకటి. రోడ్డు మీద పోయే ఎవరి మీదైనా రైట్ క్లిక్ చేయండి, గొంతుతో సహా మాట్లాడతారు. పనులు లేవని ఒకరు, దేవుళ్లు కోపంగా ఉన్నారని ఒకరు. గ్రాఫులు తెరిచి వెతికే ముందు నలుగురిని పలకరిస్తే సమస్య ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

ఇదిగో, మాటల్లో పడి ఎడమ వీధిని మర్చిపోయాం. మూడు ఇళ్లు దిగిపోయాయి. ఇక్కడ ఈ కుడివైపు రోడ్డు ముక్క తీసేస్తున్నాను. గోడౌన్‌కు వెనకవైపు నుంచి వేరే దారి వేస్తాను, కుండల బండి అటు నుంచి పోతుంది. ఇప్పుడు ఈ మలుపు లేదు, ఆవిడకు ఎడమ తప్ప దిక్కు లేదు. ఈ సేవ్ ఫైల్ కింద డిస్క్రిప్షన్‌లో పెడుతున్నాను. మార్కెట్‌ను కదపకుండా, కోటగుమ్మం వాడకుండా రెండు వీధులకూ తిండి అందేలా ఇంకోలా రోడ్డు వేయగలిగితే స్క్రీన్‌షాట్ పంపండి, వచ్చే వీడియోలో కపువా మొదలుపెట్టే ముందు అవన్నీ చూద్దాం. ఉంటానండీ.