గుప్పెడు బియ్యం

శ్రోతలందరికీ వందనాలు.

గుండ్లకమ్మ ఏటికి దగ్గరలో ఉన్న మా పల్లెలో, మా నాయనమ్మ పొయ్యి పక్కన, మూత కాస్త సొట్టపడిన ఒక పాత డాల్డా డబ్బా ఉండేది. పూటపూటా ఆమె తవ్వతో బియ్యం కొలిచి, చేటలో పోసి, రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరి, కడగడానికి నీళ్లు పోయబోయే ముందు ఒక్క క్షణం ఆగి, గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసేది. వేసేటప్పుడు పెదవులు కదిలేవి గాని మాట పైకి వినిపించేది కాదు. బియ్యం లేని రోజుల్లో జొన్నలైనా సరే, ఆ గుప్పెడు మాత్రం తప్పేది కాదు. ఆదివారం ఉదయం ఆ గింజలను తెల్లని గుడ్డలో మూటగట్టి మందిరానికి తీసుకువెళ్లి, బల్ల ముందు పెట్టిన గంపలో పోసేది. పల్లెలోని ఆడవాళ్లందరూ అలాగే పోసేవారు కనుక ఆ గంపలో పాత బియ్యం, కొత్త బియ్యం, నూకలు, ముతక బియ్యం అన్నీ కలిసిపోయి ఉండేవి. అవి కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, కొంత మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లేవి.

ఆమె ఆ గుప్పెడును బస్తాలోంచి తీసేది కాదు. ఆ పూటకు మాకని కొలిచిన బియ్యంలోంచే తీసేది. అంటే మిగులులోంచి ఇవ్వడం కాదది, మా కంచాల్లోంచి ఇవ్వడం. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, రాత్రిపూట అందరికీ గంజే దిక్కయిన రోజుల్లో, ఆకలి మీద ఉన్న నేను ఆమెను అడిగేశాను: మనకే చాలనప్పుడు ఆ డబ్బాలో వేయడం ఎందుకని. ఆమె కోప్పడలేదు. "మన లేమి ఈ గుప్పెడుతో వచ్చింది కాదురా నాయనా, ఈ గుప్పెడుతో పోయేదీ కాదు. ఇది వేస్తే ఇంకా మనం ఇచ్చేవాళ్లమే అని గుర్తుంటుంది" అంది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు, ఆకలి తీరనూ లేదు. కానీ సంతృప్తి అనే మాట నేను ఎక్కడ విన్నా, ఎక్కడ చదివినా, నాకు ముందుగా వినిపించేది ఆ డబ్బాలో గింజలు పడిన చప్పుడే.

క్రీస్తు సువార్తను ఊరూరా చాటిన అపొస్తలుడైన పౌలు, ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవ సంఘానికి రాసిన ఉత్తరం నాలుగే నాలుగు అధ్యాయాలు. చెరలో, బంధకాలలో ఉండి, తనను విడిచిపెడతారో చంపుతారో తెలియని స్థితిలో రాసిన ఆ చిన్న ఉత్తరంలో సంతోషం, ఆనందం అనే మాటలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. దాని చివరి అధ్యాయంలో ఆయన, తాను ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో "సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను" అంటాడు. మనం సాధారణంగా ఈ వాక్యంలో సంతృప్తి అనే మాట దగ్గర ఆగిపోతాం. నన్ను ఆపే మాట నేర్చుకొని యున్నాను అన్నది. పౌలు అంతటివాడికి కూడా అది పుట్టుకతో రాలేదు, ఆయన మనసు మారేలా దమస్కు మార్గంలో వెలుగు ప్రకాశించిన ఆ ఒక్క రోజుతోనే సంపూర్ణంగా చేతికి అందలేదు. దెబ్బలు తిని, ఓడ పగిలి, ఆకలితోనూ దప్పికతోనూ గడిపి, కడుపు నిండిన రోజును కూడా చూసి, ఈ రెండింటి మధ్య ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య అది. లేమిలో ఉండడమే కాదు, సమృద్ధిలో ఉండడం కూడా నేర్చుకోవలసిందేనని ఆయన అదే చోట అంటాడు. నా అనుభవంలో రెండవది మరింత కష్టం.

ఆయన వాడిన గ్రీకు మాట, ఆ కాలపు స్తోయికులు అనే తాత్వికులకు ఎంతో ఇష్టమైన మాట. ఎవరి మీదా, దేని మీదా ఆధారపడకుండా తనకు తానే చాలినవాడుగా నిలబడడం వారి ఆదర్శం. పౌలు ఆ మాటను తీసుకున్నాడు గాని, వెంటనే దాని వేరును మరొక నేలలో నాటాడు: నన్ను బలపరచేవానియందే నేను సమస్తమూ చేయగలను అన్నాడు. నాకు నేనే చాలు అనేది స్తోయికుడి మాట. నాకు ఆయన చాలు అనేది విశ్వాసి మాట. మొదటిది మనిషిని గట్టిపరుస్తుంది, కాదనను. కానీ అందులో కృతజ్ఞత చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. కృతజ్ఞత లేనిచోట ఓర్పు పుడుతుందేమో గాని ఆనందం పుట్టడం నేనెక్కడా చూడలేదు.

మరి ఈ విద్యను ఎలా నేర్చుకోవాలి? ఇశ్రాయేలీయులు అరణ్యంలో నడిచిన కాలంలో దేవుడు వారికి మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుకు ఆ రోజు కురిపించాడు. ఓమెరు అనే కొలతతో తలకు ఒకటి చొప్పున కూర్చుకోమన్నాడు. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగలలేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు. రేపటికని దాచిపెట్టినది పురుగుపట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం కోసం ముందురోజు దాచినది మాత్రమే చెడలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా మనం అడిగేది అనుదినాహారమే, అదీ నేటికే. కరువు నాటి సారెపతు ఊరి విధవరాలి ఇంట తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి. ప్రవక్త ఏలీయా మాట నమ్మి ఆమె ముందుగా అతనికొక చిన్న రొట్టె చేసి ఇచ్చిన తరువాత ఆ తొట్టి నిండిపోయిందని లేఖనం చెప్పదు, పిండి తక్కువ కాలేదని మాత్రమే చెబుతుంది. అంటే ఆమె ప్రతి ఉదయం తొట్టి అడుగున చేయి పెట్టి, ఆ పట్టెడు ఇంకా ఉందని చూసుకుంటూ బ్రతికి ఉండాలి. విశ్వాసంతో బ్రతకడమంటే నిండిన గాదెను చూసుకోవడం కాదని, ప్రతి పొద్దునా తొట్టిలో చేయి పెట్టడమని నాకు అనిపిస్తుంది.

నా సొంత సంగతి కొంత చెబుతాను. నేను ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేశాను. ఒక దశలో నాకు రావలసిన పదోన్నతి రాలేదు. నా తరువాత చేరినవారికి వచ్చింది. దాదాపు రెండేళ్లు ఆ మంట నాలో ఆరలేదు. ఆదివారం మందిరంలో పాడేవాణ్ణి, సోమవారం స్టాఫ్ రూంలో ఎవరి జీతం ఎంతో లెక్కలు వేసేవాణ్ణి. చేస్తున్న పని మీద రుచి పోయింది. ఆ రోజుల్లో పౌలు కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో, మీరేమి చేసినా మనుష్యుల నిమిత్తం కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయండి అనే మాట చదువుతూ, అది ఎవరిని ఉద్దేశించి చెప్పిన మాటో మొదటిసారి సరిగ్గా చూశాను. అది అధికారులతోనో బోధకులతోనో అన్నది కాదు, దాసులతో అన్న మాట. పదోన్నతి అనే ఊహే లేని మనుషులకు, వారు ఊడ్చే నేలకూ మోసే నీళ్లకూ దేవుని ఎదుట విలువ ఉందని చెప్పిన మాట.

మరుసటి రోజు హాజరు పిలుస్తూ, ఒక్కొక్క పేరు దగ్గర మనసులోనే ఆ పిల్లవాణ్ణి ప్రభువు చేతికి అప్పగించడం మొదలుపెట్టాను. పైకి చూస్తే ఏమీ మారలేదు. అదే పట్టీ, అదే ఎర్ర సిరా, అవే నలభై పేర్లు. కానీ ప్రార్థిస్తూ పిలిచిన పేరుకు వచ్చే జవాబును చెవి మరోలా వింటుంది. వెనుక బల్ల మీద కూర్చునే ఒక పిల్లవాడి గొంతు సోమవారాల్లో మరీ నీరసంగా పలుకుతోందని నేను గమనించింది అప్పుడే. ఆదివారం బడి ఉండదు, బడిలో భోజనమూ ఉండదు. తల్లి పనికి పోయిన ఊరు నుంచి ఇంకా తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి ఆ తరగతిలోనే నిలబడి, అలాంటి గొంతులు ఎన్ని నా చెవుల పక్కనుంచి వెళ్లిపోయాయో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ సోమవారం నుంచి మా ఇంట్లో ఒకరి తిండి ఎక్కువగా వండడం మొదలైంది. పదోన్నతి ఆ ఏడూ రాలేదు. అది రాలేదన్న సంగతి చాలా రోజులు నాకు గుర్తుకూడా రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు సాగలేను. దేవుణ్ణి నమ్మితే ఇల్లు వస్తుంది, కారు వస్తుంది, వీసా వస్తుంది అని చెప్పే బోధ ఈనాడు వినిపిస్తూనే ఉంది. దేవుడు మేలులు ఇవ్వడని నేను అనడం లేదు. కానీ విశ్వాసాన్ని బేరంగా మార్చినవారికి సంతృప్తి ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే బేరం తెగిన ప్రతిసారీ మరొక బేరం మొదలవుతుంది. ఈ విషయంలో మా ప్రాంతపు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 వరకు మా పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే మహాక్షామం వచ్చినప్పుడు, ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ పనిలోకి వచ్చినవారిలో ఎందరో, ఊరు వెలుపల ఉంచబడిన మాదిగ పల్లెలవారు. వారిలో బాప్తిస్మం అడిగినవారు ఉన్నారు. అయితే కూలీ, గింజలూ పంచుతున్నంత కాలం ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సహాయం ముగిసి, ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ నీళ్లలోంచి లేచి ఇంటికి వెళ్లినవారికి ఆ రాత్రి తిండి ఉందో లేదో నాకు తెలియదు. కరువు ఎండగట్టిన పల్లెలవి. కానీ గింజల కోసం రాలేదని నిరూపించుకున్న ఆ మనుషుల మునిమనుమరాళ్ల తరంలోనే మా నాయనమ్మ ఉంది. గుప్పెడు గింజలు వేరుగా తీసి పెట్టే అలవాటు ఏ రకమైన మనుషుల చేతుల్లో ఉందో తెలిసిన తరువాతే, ఆమె చెప్పిన ఇచ్చేవాళ్లం అనే మాట బరువు నాకు తెలిసింది. ఊరంతా తీసుకునేవాళ్లుగానే చూసిన మనుషులు, దేవుని ఎదుట తాము ఇచ్చేవాళ్లమని పూటపూటా గుర్తుచేసుకున్నారు.

అలాగని, ఉన్నదానితో సరిపెట్టుకుని నోరు మూసుకోమని పేదవారికి చెప్పడానికి సంతృప్తి అనే మాటను వాడుకోవడం తప్పు. అది వాక్యానికి చేసే ద్రోహం కూడా. ఫిలిప్పీ పట్టణంలోనే పౌలునూ అతని సహచరుడు సీలనూ విచారణ లేకుండా బహిరంగంగా బెత్తాలతో కొట్టించి, చెరసాలలో వేసి, కాళ్లకు కొయ్య బొండ వేశారు. ఆ అర్ధరాత్రి వారు ప్రార్థిస్తూ కీర్తనలు పాడారన్నది మనమందరం ఇష్టంగా చెప్పుకుంటాం. తెల్లవారిన తరువాత జరిగినది అంతగా చెప్పుకోము. అధికారులు వారిని గుట్టుగా పంపించివేయబోతే పౌలు ఒప్పుకోలేదు. మేము రోమా పౌరులం, న్యాయం విచారించకుండా మమ్మల్ని కొట్టించారు, వారే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. రాత్రి పాట పాడినవాడూ ఉదయం న్యాయం అడిగినవాడూ ఒక్కడే. ఆ పాట అతనిలో లోపల ఒకచోట చేదు చేరకుండా కాపాడింది కనుకనే, ఉదయం అతడు పగతో కాక హక్కుతో మాట్లాడగలిగాడని నేను అనుకుంటాను.

ఆనందమంటే కన్నీరు లేకపోవడం కూడా కాదు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, కాసేపటిలో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా. సంతోషపు ఉత్తరమని మనం పిలుచుకునే ఆ ఫిలిప్పీ పత్రికలోనే పౌలు, తన సహకారి ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంతగా రోగియైన సంగతి చెబుతూ, తనకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడని దాచకుండా రాశాడు. కాబట్టి ఈ మాటలు వింటున్నవారిలో ఎవరైనా ఈ మధ్యనే అయినవారిని పోగొట్టుకుని, విశ్వాసిని అయి ఉండి కూడా ఏడుపు ఆపుకోలేకపోతున్నానే అని తమను తాము నిందించుకుంటూ ఉంటే, దయచేసి ఆ నింద మానండి. మా నాయన చనిపోయిన వారంలో మా నాయనమ్మ ఏడ్చినట్టు ఏడ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పొయ్యి మళ్లీ వెలిగించిన రోజున, చేట ముందు కూర్చుని కన్నీళ్లు కారుతూనే గుప్పెడు తీసి డబ్బాలో వేసింది. ఆ రోజు పెదవులు మాత్రం కదలలేదు.

ఇప్పుడు మా ఇంటికి బియ్యం పాతిక కిలోల సంచిలో వస్తుంది. ఏరడానికి రాళ్లు ఉండవు, తవ్వకు బదులు కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ గ్లాసు ఉంది. ఆ డాల్డా డబ్బా తుప్పుపట్టి ఎప్పుడో పోయింది. దాని చోట ఒక స్టీలు డబ్బా పెట్టాం. సెలవులకు వచ్చిన మా మనవరాలు, ఏడేళ్లది, ఆ పని తనకే కావాలని పట్టుబట్టింది. నాయనమ్మ సంగతి చెప్పి, ఒక్క గుప్పెడు వేస్తే చాలమ్మా అన్నాను. ఆ పిల్ల తన గుప్పిట తెరిచి చూసుకుని, నా చేతి పక్కన పెట్టి కొలిచి, "నాది చిన్నది కదా తాతయ్యా" అంటూ రెండోసారి కూడా తీసి వేసింది.

నమస్కారం.